పెట్టెలోని టేపులకు పద్దు



మన యిండ్లలో పట్టుచీరలు దాచుకొను పెట్టెల యడుగున నొక వస్తువు మెల్లమెల్లగా నశించుచున్నది. అది బంగారము కాదు గనుక దొంగలు దానివంక చూడరు. బట్ట కాదు గనుక మనమును దానిని తీసి దులుపము. పెండ్లిండ్లకును, బారసాలలకును, గృహప్రవేశములకును దీయించిన వీడియో టేపులను గూర్చి మేము చెప్పుచున్నాము. వానిని ఆడించు యంత్రము చెడిపోయినది. ఆ యంత్రమును బాగుచేయువాడు సెల్‌ఫోనుల దుకాణము పెట్టుకొనెను. టేపులు మాత్రము నాఫ్తలీను ఉండల నడుమ నిద్రించుచున్నవి.

మేమిద్దఱము తోడికోడండ్రము. కాకినాడలో నొక్క యింటనే కాపురమున్నాము. 2024వ సంవత్సరపు వేసవిలో మా యింటి టేపులను కంప్యూటరులోనికి దించుకొంటిమి. ఆ పని యెట్లు సాగెనో, అందేమి దొరకెనో యిద్దఱమును గూడి వ్రాయుచున్నాము. మాలో నొకతె బి.ఏ. చదివినది, రెండవయామె పదవ తరగతితో నిలిచినది. ఈ పనికి రెండు చదువులును పెద్దగా నక్కఱకు రాలేదు. ఇంటి పద్దు వ్రాయు నలవాటు మాత్రము వచ్చినది.

టేపులలో జాతులు పెక్కు గలవు గాని మన యిండ్లలో దొరకునవి ముఖ్యముగా రెండు. దొడ్డపుస్తకమంత యుండు వి.హెచ్.ఎస్. టేపు మొదటిది; దానిని జపానులో జె.వి.సి. వారు 1976లో వెలువరించిరి. అగ్గిపెట్టెకన్న కొంచెము పెద్దదిగా నుండు మినీ డి.వి. రెండవది, అది 1995లో వచ్చినది. మొదటిదానిలో బొమ్మ అలలరూపమున నుండును, రెండవదానిలో అంకెలరూపమున నుండును. ఈ భేదమును గుర్తుంచుకొనుడు, ముందు దీనితో పని కలదు. వి.హెచ్.ఎస్. ఆడించు యంత్రములను కడపటివఱకు చేసిన జపాను సంస్థయగు ఫునాయ్ 2016 జూలైలో ఆ తయారీని మానివేసెను. 2019లో యునెస్కో కార్యక్రమమువారును, ధ్వనిచిత్ర భాండాగారముల అంతర్జాతీయ సంఘమువారును గూడి, అయస్కాంతపు టేపులను 2025 నాటికి దించుకొననియెడల పిమ్మట దించుట దుర్లభమగునని లోకమునకు హెచ్చరిక చేసిరి. ఆ గడువు గడచిపోయినది. మన పెట్టెలు మాత్రము తెఱువబడలేదు.

టేపును దించుకొనుట యనగా నేమో మొదట చెప్పెదము. పాత కెమేరానుండి యొక తీగ కంప్యూటరునకు బోవును. కెమేరా టేపు నాడించుచుండగా కంప్యూటరు దానిని తన డిస్కులో వ్రాసికొనును. దీనిని క్యాప్చర్ అందురు. టేపు గంటన్నర యాడినచో నీ పనియు గంటన్నర పట్టును, త్వరపెట్టుటకు వీలులేదు. పాలు కాగుచుండగా దగ్గఱ నిలుచున్నట్లు నిలువవలసినదే.

ఇక లాగ్ అనునది మఱియొక పని. అది మన చాకలిపద్దు వంటిది. ఏ మూటలో నేమి బట్టలు, ఎన్ని, ఎవరివి యని వ్రాయుదుము గదా. అట్లే యే టేపులో, ఏ నిమిషమునుండి యే నిమిషమువఱకు, ఎవరు, ఏమి చేయుచున్నారో వ్రాయుట. మేము వాడిన అడోబ్ ప్రీమియర్ ప్రో అను సాఫ్ట్‌వేరులో నిందుకై గడులున్నవి: టేపు పేరు, తునుక పేరు, వర్ణన, గమనిక. టేపు నాడించుచు, కావలసిన చోటు రాగానే ‘ఐ’ అను మీట నొక్కినచో మొదలు గుర్తుపడును. ‘ఓ’ నొక్కినచో తుది గుర్తుపడును. ఈ గుర్తులకు ప్రాణము టైమ్‌కోడ్. మినీ డి.వి. టేపులో ప్రతి చిత్రమునకును గంట, నిమిషము, సెకండు, చిత్రసంఖ్య యని యొక చిరునామా వ్రాయబడియుండును. అది తెలిసినచో కంప్యూటరు తానే కెమేరాను వెనుకకు త్రిప్పి, ఆ చోటికి నాలుగైదు సెకండ్లు ముందునకు బోయి, పరుగు కుదిరిన పిమ్మట సరిగా నక్కడనుండి పట్టుకొనును.

మన దేశపు పద్ధతిలో సెకండునకు 25 చిత్రములు. అమెరికా పద్ధతిలో 30కి కించిత్తు తక్కువ. ఆ కించిత్తును సరిపెట్టుటకై అమెరికావారి లెక్కలో ప్రతి నిమిషారంభమునను రెండు సంఖ్యలను దాటవేయుదురు; పదవ నిమిషము, ఇరువదవ నిమిషము ఇట్లు ప్రతి పదవదానిని విడిచిపెట్టుదురు. చిత్రము లేమియు పోవు, వాని సంఖ్యలే పోవును. మన పంచాంగమున క్షయతిథి వచ్చినపుడు తిథి పేరు పోవును గాని దినము పోనట్లే. మా అత్తగారికి ఈ సంగతి చెప్పగా, ఈ సాఫ్ట్‌వేరు మొత్తములో తనకు సుఖముగా నర్థమైనది ఇదొక్కటే యని యామె యనెను.

మాయింటి టేపులు అమెరికా పద్ధతివే. 2004 మే నెలలో మా ఆడపడుచు వివాహము జరిగినది. దానికై న్యూజెర్సీలో నుండు మా చిన్నమఱిది చేతికెమేరా నొకటి దెచ్చెను. పెండ్లి వీడియోకు వేఱుగా బేరము కుదిర్చిన మనిషి యుండెను గనుక ఈ చేతికెమేరా మాలో పెద్దయామె కుమారుని పాలబడెను. వానికప్పుడు పండ్రెండేండ్లు. వాడు వారము దినములు దానిని మెడకు దగిలించుకొని తిరిగి 11 టేపులు నింపెను. చాలినన్ని టేపులు లేవని, గంట టేపులో గంటన్నర పట్టు నిదానపు వేగమున దీసెను. మఱిది కెమేరాతో వెడలిపోయెను. టేపులు మా పెట్టెలో నిలిచిపోయెను.

కొన్నేండ్ల క్రిందట మా పట్టణములో నొక దుకాణమున కా టేపులను పంపితిమి. వారు రెండు దినములుంచుకొని, అన్నియు ఖాళీ టేపులని చెప్పి, శ్రమకు రుసుము గూడ పుచ్చుకొనిరి. టేపులు ఖాళీవి కావు. వారి కెమేరా మన దేశపు పద్ధతిది. రెండు పద్ధతులను జదువగల యంత్రములు కొన్ని యున్నవి గాని వారిది అట్టిది కాదు. పైగా నిదానపు వేగమున దీసినపుడు టేపుపై గీతలు మఱింత సన్నగిల్లును. మామూలు వేగమున ఒక్కొక్క గీత వెడల్పు మిల్లీమీటరులో నూఱవ వంతు. నిదానపు వేగమున దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. ఇంత సన్నని గీతలను దీసిన కెమేరా చదివినట్లు పరాయి కెమేరా చదువలేకపోవుట తఱచు. కావున ఎవరేని మీ టేపులు ఖాళీవన్నచో వెంటనే పారవేయకుడు. ఏ దేశపు కెమేరాతో, ఏ వేగమున దీసితిరో మొదట విచారింపుడు.

మా మఱిదిగారి కుమార్తె 2024లో సెలవులకు వచ్చుచు, తమ యింటి అటకమీదనున్న ఆ పాత కెమేరాను చేతిసంచిలో బెట్టుకొని తెచ్చెను. బ్యాటరీ చచ్చిపోయినది గాని గోడకు దగిలించు తీగతో కెమేరా లేచి కూర్చుండెను. ఇక కంప్యూటరు సంగతి. ఈ కెమేరాలనుండి యంకెలను యథాతథముగా దీసికొనుటకు ఫైర్‌వైర్ అను ద్వారము కావలెను. నేటి క్రొత్త కంప్యూటరులందు అది యుండదు. మా యింట 2007లో కొనిన పాత పెట్టె యొకటి యుండెను. నాటి పండ్రెండేండ్ల బాలుడే యిప్పుడు హైదరాబాదులో నుద్యోగము చేయుచు, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో నొక పాత ఫైర్‌వైర్ కార్డు సంపాదించి తెచ్చి దానికి బిగించెను.

పసుపు, తెలుపు, ఎఱుపు తీగలతోనే యేల దించుకొనరాదని కొందఱడుగవచ్చును. వి.హెచ్.ఎస్. టేపులకు అదియే గతి. వానికి టైమ్‌కోడ్ గూడ లేదు, దించిన పిమ్మట కంప్యూటరు గడియారము ననుసరించి పద్దు వ్రాసికొనవలెను. మినీ డి.వి.ని మాత్రము అట్లు దించరాదు. అంకెలను అలలుగా మార్చి, మరల అలలను అంకెలుగా మార్చినచో, బియ్యమును పిండిచేసి మరల గింజలు చేయబూనినట్లే. ఫైర్‌వైర్ గింజను గింజగానే దెచ్చును. దుకాణమున కిచ్చువారు ఈ యొక్క ప్రశ్న యడిగి యిచ్చినచో సగము నష్టము తప్పును.

టేపును కెమేరాలో బెట్టుటకు ముందు చేయవలసినవి కొన్ని గలవు. టేపు వీపుమీద చిన్న జారుడుమీట యుండును. దానిని ‘సేవ్’ వైపునకు జరుపవలెను. లేనిచో పొరబాటున వేఱొక మీట నొక్కినపుడు పెండ్లిమీద మన హాలుగోడ చిత్రితమగును. పిమ్మట టేపు గవాక్షమును వెలుతురునకు బట్టి చూడవలెను. చుట్ట యంచున తెల్లని పొడియో, నూగో కనబడినచో అది బూజు. అట్టిదానిని కెమేరాలో బెట్టరాదు. ఆ కెమేరాలోని డోలు నిమిషమునకు 9000 చుట్లు తిరుగును. బూజు దాని తలల కంటుకొని తక్కిన టేపులను గూడ చెఱచును. మా 11 టేపులలో రెండింటికి బూజు పట్టియుండెను. సముద్రపు గాలి తగులు ఊరిలో ఇరువదేండ్లున్న టేపులకు అది యాశ్చర్యము కాదు. ఆ రెండింటిని వేఱుగా డబ్బాలోబెట్టి, తేమ పీల్చు సిలికా పొట్లములు వేసి మూతవేసితిమి. మంచి టేపులనైనను ఒకసారి కొసవఱకు త్రిప్పి, మరల మొదటికి త్రిప్పి, అటుపిమ్మట నాడించుట మేలు. ఏండ్ల తరబడి యొకచో అంటుకొనియున్న చుట్టలు సడలును.

ఇచట మాకును మా పిల్లవానికిని ఒక వాదము నడచినది. ముందు పద్దు వ్రాసి, కావలసిన తునుకలనే దించుట ఈ సాఫ్ట్‌వేరుల పూర్వాచారము. అందుకు హేతువు కలదు. గంట మినీ డి.వి. టేపు కంప్యూటరులో 13 జీబీ స్థలము తినును. ఆ పెండ్లినాటికి ఇండ్లలోని డిస్కులు 40 జీబీయో, 80 జీబీయో యుండెడివి. పెండ్లి యంతయు పట్టదు గనుక ఏరుకొనవలసివచ్చెడిది. నేడు స్థలమునకు కొఱత లేదు. కావున పద్దు వ్రాయుట వృథాశ్రమ, మొత్తము దించివేసి యూరకుందమని వాడు. మొత్తము దించవలెననుట మాకును సమ్మతమే. టేపును మాటిమాటికి నిలిపి, వెనుకకు ముందుకు త్రిప్పి పద్దు వ్రాసినచో టేపే యరుగును. మొదట నొక్క పరుగున దించి, పిమ్మట కంప్యూటరులో దానిని జూచుచు తీరికగా వ్రాయుట క్షేమము. కాని వ్రాయుట మానరాదని మా పట్టు. ఏలయన, టేపులో మనుష్యులున్నారు గాని వారి పేర్లు లేవు. ఆ పేర్లు తెలిసినవారు ఇంటిలో నొక్కరే మిగిలియున్నారు: ఎనుబది యెనిమిదేండ్ల మా అత్తగారు. డిస్కును రేపు గూడ కొనవచ్చును.

వాడొప్పుకొనెను. మధ్యాహ్నము భోజనములైన పిమ్మట, ఎండ తగ్గువఱకు, దినమునకు రెండేసి గంటలు కూర్చుండు నియమము పెట్టుకొంటిమి. అత్తగారికి చూపు బాగుగా మందగించినది. తెఱపై రంగులు కదలుటయే గాని ముఖములు తెలియవు. మేము కనబడిన దానిని జెప్పుదుము, ఆమె పేరు జెప్పును, పిల్లవాడు గడిలో వ్రాయును. “ఎఱుపంచు తెల్లచీర, చేతిలో విసనకఱ్ఱ, ఎడమచేతికి గడియారము” అందుము. “అది పిఠాపురం పిన్ని. గడియారం చేతినుంచి తీసేదే కాదు. దానికి టైం చూడ్డం రాదు” అనును. ఇట్టివన్నియు గమనిక గడిలో వ్రాసితిమి.

సాఫ్ట్‌వేరు సొంత తెలివితేటలు కొన్ని మాకు నవ్వు దెప్పించినవి. టేపులో ప్రతి దృశ్యమును దీసిన తేదీయు వేళయు గూడ దాగియుండును. దానినిబట్టి యది దృశ్యములను తానే విడదీయగలదు. కాని మా మఱిది కెమేరా గడియారమును న్యూజెర్సీ వేళనుండి మార్చలేదు. అందుచే ఉదయము 10 గంటలకు జరిగిన గౌరీపూజ యర్ధరాత్రము దాటిన అరగంటకు జరిగినట్లును, సాయంకాలపు టెదురుకోలు ఉదయమున జరిగినట్లును చూపినది. మూడవ టేపులో మఱియొక చిక్కు. పిల్లవాడు నడుమ టేపును దీసి, చూచి, మరల పెట్టునపుడు కొంత ఖాళీ విడిచెను. ఖాళీ తగిలినచోట టైమ్‌కోడ్ మరల సున్ననుండి మొదలగును. ఒకే వీధిలో ఒకే నంబరుగల యిండ్లు రెండున్నచో టపాబంట్రోతు పడు పాట్లన్నియు కంప్యూటరు పడినది. దానిని 3-అ, 3-ఆ యని రెండు టేపులుగా పేరుపెట్టి గట్టెక్కితిమి. డిస్కును పాత పద్ధతిలో సిద్ధపఱచినచో 4 జీబీ కాగానే, అనగా పద్దెనిమిది నిమిషములు దాటగానే, క్యాప్చర్ నిలిచిపోవునని గూడ చదువరులు గమనింతురు గాక.

ఇప్పు డాఱవ టేపు.

దాని సంగతి చెప్పుటకు ముందు మా పెద్దత్తగారిని గూర్చి చెప్పవలెను. ఆమె మా అత్తగారికి తోడబుట్టిన అక్క. పదునాఱవ యేట భర్త పోగా పుట్టింటికి వచ్చి, పిమ్మట చెల్లెలి కాపురమున కండగా వచ్చి, ఏబదేండ్లకు పైగా ఈ యింటనే యుండి, 2007లో కాలము చేసెను. మా భర్తలను, వారి చెల్లెలిని పెంచినది ఆమెయే. మేము కోడండ్రమై వచ్చినపుడు మాకు ఆవకాయ కారపు పాళ్లు నేర్పినదియు నామెయే. ఆమె పోయిన పిమ్మట గోడకు పటము కట్టింతమని వెదకగా ఇంటనున్న ఆల్బములలో నొక్కదానియందైన నామె లేదు. కడకు ఓటరు గుర్తింపు కార్డుమీది వ్రేలెడు బొమ్మను పెద్దది చేయించితిమి. అందు ముఖము కన్న మచ్చలే యెక్కువ. ఛాయాచిత్రకారుడు వచ్చినపుడెల్ల ఆమెకు దొడ్డిలో నేదో పని తగిలెడిది. ఆమెను పొమ్మని యెవరును జెప్పి యెఱుగరు. చెప్పనక్కఱ లేకుండ నాటి లోకమే యామెకు నేర్పి పంపినది. శుభకార్యమున ముందునకు రారాదనుట యామెకు కొంగు సవరించుకొనుటవలె నలవాటైపోయినది. కూలికి వచ్చిన వీడియోగ్రాఫరు మూడు డిస్కుల పెండ్లి నిచ్చెను. అందు వడ్డాణములున్నవి, చదివింపుల వెండికంచములున్నవి, గాలిలో తేలు హంసబొమ్మలు గూడ నున్నవి. ఆమె లేదు.

ఆఱవ టేపు పెండ్లికి మూడు దినముల ముందటిది. నలువదవ నిమిషము తరువాత పిల్లవాడు కెమేరాను ఆపుట మఱచి, దొడ్డి పంచలో నొక ముక్కాలిపీటమీద బెట్టి, ఎక్కడికో పోయెను. తెఱపై నొక యిత్తడి గుండిగ యంచు, ఎవరివో పాదములు, నేలమీద పాకెడు చీమలు. వెనుక ఆడువారి కోలాహలము. ఇది రెండు నిమిషములకు పైగా నున్నది. “ఇదంతా చెత్త, దాటించేస్తాను” అని వాడు మీటమీద వ్రేలుంచెను. మేము తెఱవంక జూచుచుంటిమి గాని అత్తగారు చూడలేరు గదా; ఆమె వినుచుండెను.

“ఆగరా,” అనెను. “అది అక్కయ్య గొంతు.”

వెనుకకు ద్రిప్పి, ధ్వని హెచ్చించి వింటిమి. గుండిగల చప్పుడు నడుమ, కొంచెము దూరమునుండి: “ఒసే, పాకం ముదిరిపోతోందే! మాటలాపి దింపండి! నీళ్లలో వేసి చూశారా? ఉండ నిలిచిందా?” మఱియొక గొంతు ఏదో బదులు చెప్పినది. మరల ఈ గొంతు: “నీకు తెలిసింది నా మొహం. జరుగు.” అంతట నెవరో ముక్కాలిపీటను కాలితో ప్రక్కకు నెట్టిరి. కెమేరా తిరిగినది. తొమ్మిది సెకండ్లపాటు, పొయ్యి యెదుట, గరిటె చేతబట్టి, పొగకు కనులు చిట్లించుకొని, చీర బిగించి కూర్చున్న పెద్దత్తగారు నిండుగా కనబడెను. తన్ను దీయు యంత్రమొకటి యక్కడ నున్నదని యామె యెఱుగదు. ఎఱిగియున్నచో లేచి పోయియుండెడిది.

అయితే ఆ తొమ్మిది సెకండ్లలోనే చిత్రము చెదరియున్నది. ముఖమున్నచోట గళ్లు గళ్లుగా చతురములు పడి, మాటలో టిక్కు టిక్కుమను చప్పుడు చేరినది. టేపుపై ధూళియున్నను, కెమేరా తలలకు మురికి పట్టినను ఇట్లగును. టేపే యచట రాలిపోయినచో చేయగలది లేదు. మురికియైనచో మరల ప్రయత్నింపవచ్చును. ఇచట పద్దు మమ్ము రక్షించినది. మొదలు 00:41:17:08, తుది 00:42:03:21 అని గడిలో వ్రాసియుంటిమి గనుక, గంటన్నర టేపును మరల నాడింపక ఆ 46 సెకండ్లనే పట్టుమని యంత్రమున కాజ్ఞాపింపవచ్చును. సరిగా చెప్పవలెనన్నచో 1391 చిత్రములు. 42వ నిమిషారంభమున రెండు క్షయ సంఖ్యలు పోయినవి.

తలలను శుభ్రపఱచు పొడి క్యాసెట్టును పది సెకండ్లు మాత్రమాడించితిమి. ఎక్కువ ఆడించినచో అదే తలల నరుగదీయును. రెండవమారు పట్టితిమి. గళ్లు తగ్గినవి గాని పోలేదు. మూడవమారు పట్టుటకు మేమిద్దఱమును వెనుదీసితిమి. ఇరువదేండ్ల టేపు, పాత కెమేరా. తెగినదా, చిక్కుకొన్నదా, ఈ చెదరిన బొమ్మ తప్ప మఱి గతి లేదు. పిల్లవాడు అత్తగారి నడిగెను. “ఉన్నదాన్ని దాచుకున్నారుగా? అయితే ఇంకోసారి చూడండి” అని యామె తీర్పు. కెమేరాను గంటసేపు చల్లారనిచ్చి, టేపును కొసవఱకు త్రిప్పి వెనుకకు దెచ్చి, మూడవమారు నడిపితిమి. ఈ మారు ముఖము వచ్చినది. చివరి సెకండున రెండు గళ్లు మిగిలినవి. అవి గరిటెమీద పడినవి, పోనిండు.

అత్తగారు ఆ ముఖమును చూడలేరు. మేము వర్ణించితిమి. పొగ సంగతి, గరిటె సంగతి, కుడిచేతి ముంజేతిమీద పిండి యంటియుండుట చెప్పితిమి. ఆమె యంతయు విని, మాటను మాత్రము నాలుగుమార్లు వేయించుకొనెను. తరువాత, “పాకం నిజంగానే ముదిరిందర్రా. ఆ పెళ్లికి అరిసెలు రాళ్లయ్యాయి. మగపెళ్లివారు పళ్లు ఊడగొట్టుకున్నారు. అక్కయ్య చెప్తే ఎవరు విన్నారు?” అని లేచి లోపలికి పోయెను. ఆ సాయంకాలము ఆమె ఫలహారము చేయలేదు.

ఆ తునుకకు వర్ణన గడిలో నేమి వ్రాయవలెనని పిల్లవాడడిగినపుడు మేము కొంత ఆలోచించితిమి. తక్కినవానికి ‘గౌరీపూజ’, ‘ఎదురుకోలు’ అని వ్రాసియుంటిమి. దీనికి ఆమె పేరును, ఇంటిపేరును, పుట్టిన యూరిని సంపూర్ణముగా వ్రాయించితిమి. పద్దులో అట్లు వ్రాసినది ఆమె కొక్కతెకే.

బాగుగానున్న 9 టేపులు మొత్తము 10 గంటల 40 నిమిషములు వచ్చినవి. రమారమి 140 జీబీ. ఒక డిస్కు మాయొద్ద, ఒకటి హైదరాబాదులో, ఒకటి న్యూజెర్సీలో నుంచితిమి. పద్దును అచ్చువేయించి కాగితములు గూడ పెట్టెలో బెట్టితిమి. సాఫ్ట్‌వేరులు మాఱినను కాగితమును జదువుట కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. దించిన పిమ్మట టేపులను పారవేయలేదు. చల్లని పొడిచోట, పుస్తకములవలె నిలువుగా నుంచితిమి.

బూజుపట్టిన రెండు టేపులు, ఎనిమిదవదియు పదవదియు, ఇంకను డబ్బాలోనే యున్నవి. వానిని శుభ్రము చేయువాడొకడు చెన్నపట్టణమున నున్నాడని విని, మా పిల్లవాడు జాబు వ్రాసియున్నాడు. పదవ టేపు అప్పగింతల నాటిది. కెమేరాను తిరిగి న్యూజెర్సీకి పంపలేదు. తునిలో మా అత్తగారి మేనకోడలి యింట నట్టి టేపులే ఆఱున్నవట. ఈ యాదివారము దానిని గుడ్డలో జుట్టి వారికి పంపుచున్నాము, టేపుల వెంట పద్దుపుస్తకము గూడ నొకటి క్రొత్తది కొనుమని చెప్పి.